ఇది ఏ ‘వస్తాను’?

కళ్ళజోళ్ళ షాపు నడిపేవాడికి ‘వస్తాను’ అనే మాట విలువ బాగా తెలుసు. అద్దం ముందు ఫ్రేములన్నీ పెట్టుకుని చూసి, ఒక్కటీ కొనకుండా, “మళ్ళీ వస్తామండీ” అని మెట్లు దిగినవాళ్ళెవరూ ఇంతవరకు తిరిగి రాలేదు. వాళ్ళు అబద్ధాలకోర్లేం కాదు, మర్యాదస్తులు. ‘వెళ్తాను’ అనకూడదు కాబట్టి ‘వస్తాను’ అంటారు, అంతే.

మన కళ్ళజోళ్ళబ్బాయి కూడా అలాంటి మర్యాదస్తుడే. “నీకు సాహసం అంటే సబ్బు మార్చడమేరా” అని వాళ్ళక్క ఒకరోజు తేల్చేసి, ఎడారీ సముద్రమూ కలిసేచోట ఒక సాహసయాత్రకి తమ్ముడి పేరు రాయించింది. అతను గొడుగు పట్టుకుని బయల్దేరాడు. అక్కడ ఆఖరిసారి వాన ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తులేదు.

ఒకపక్క ఇసుక కొండలు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో గుడారాలు, వాటి మధ్య ఒక పొడవాటి కర్ర. ఆ క్యాంపు ఒక పెద్దాయనది. వంటా ఆయనే, జీపు డ్రైవరూ ఆయనే. వచ్చినవాళ్ళని ఇసుకలోనూ నీళ్ళలోనూ తిప్పే పని ఆయన కూతురిది. అందరూ ఆమెని కెప్టెన్ అంటారు. మొదటిరోజే ఆమె రూల్ చెప్పింది.

“ఇక్కడ పొగమంచు చెప్పి రాదు. అందుకే ఒక్కొక్కరికీ ఒక రంగు జెండా. బయటున్నప్పుడు మీరు వాకీటాకీలో ‘వస్తాను’ అనగానే మీ జెండా ఎక్కిస్తాను. వచ్చాక మీ చేత్తో మీరే దించాలి. జెండా పైనున్నంతసేపూ ఇక్కడెవరూ అన్నం ముట్టుకోరు.”

అతనికి పసుపు రంగు వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఒడ్డున బండమీద కూర్చుని ఉండగా వాకీటాకీ మోగింది.

“ఎలా ఉన్నారు?”

“బాగున్నానండీ. వస్తాను మరి” అని కట్టేసి, మళ్ళీ సముద్రం చూడటంలో పడ్డాడు.

కొంతసేపటికి పొగమంచు కమ్మేసింది. ఇంకొంతసేపటికి అందులోంచి ఊడిపడ్డట్టు కెప్టెన్ దిగింది.

“వస్తానన్నారుగా?”

“అన్నాను.”

“మరి రాలేదేం?”

“అంటే... రావడానికి అనలేదండీ. మాట ముగించడానికి అన్నాను.”

“మాట ముగించడానికి వస్తానంటారా?”

“వెళ్తాను అనకూడదు కదండీ.”

“అక్కడ అందరూ కంచాల ముందు కూర్చుని కర్రకేసి చూస్తున్నారు. వాళ్ళకి చెప్పండి ఈ ముక్క.”

చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆకలి మీదున్నవాళ్ళకి వ్యాకరణం రుచించదు.

మర్నాడు ఇసుక కొండమీంచి చెక్క మీద జారే పని. అతను చెక్కని పైనే వదిలేసి, తను మాత్రం కిందికి చేరాడు. పెద్దాయన వచ్చి లేపి, నోట్లో ఇసుక ఉమ్మేదాకా ఆగి, “కాలు జారితే తీసుకోవచ్చు బాబూ, నోరు జారితేనే తీసుకోలేం” అన్నాడు. నిన్నటి సంగతి ఆయనకింకా గుర్తుందని అర్థమైంది.

ఆ తర్వాత పడవలు. ఒడ్డున కెప్టెన్ ఎవరినో గట్టిగా కోప్పడుతోంది.

“అలా నిలబడిపోయారేం? లైఫ్ జాకెట్ వేసుకోండి!”

అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. అతను దగ్గరకెళ్ళి చూశాడు.

“అది నీళ్ళ డ్రమ్మండీ.”

“తెలుసు.”

“దానికీ జాకెట్ వెయ్యాలా?”

“సేఫ్టీ అందరికీ ఒకటే” అందామె, మొహంలో ఏ మార్పూ లేకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అతను గొంతు తగ్గించాడు. “మీకు దూరపు చూపు ఆనడం లేదు.”

“ష్! నాన్నకి తెలిస్తే నన్ను వంటలోకి దింపుతాడు. రంగులు కనిపిస్తాయిగా. అందుకే ఈ జెండాలు.”

“మరి పొగమంచులో నా దగ్గరికెలా వచ్చారు?”

“పొగమంచులో అందరి చూపూ నా చూపే. నేను అలల చప్పుడు పట్టుకుని నడుస్తాను. అందరూ తప్పిపోయే చోట నేను తప్పిపోను.”

అతనికి చప్పున ఆమె మీద ఇష్టం కలిగింది. ఎలా కలిగిందో కూడా అర్థం కాలేదు. రోజంతా జనాల కళ్ళలోకి తేరిపార చూడటమే తన పని. ఏనాడూ గుండె ఇలా దడదడలాడలేదు.

ఆ రోజు నుంచి పడవలో ఆమె వెనకే కూర్చున్నాడు. దూరంగా ఏం కనిపించినా చెవిలో చెప్పేవాడు.

“ఎడమపక్క బండ.”

“తెలుసు.”

“బండ మీద పక్షి.”

“అది తెలీదు. ఎలా ఉంది?”

“మా బావలా ఉంది. పొట్టముందు, తను వెనక.”

కెప్టెన్ నవ్వగా ఆ క్యాంపులో ఎవరూ చూసి ఉండరు. పడవ కాస్త ఒరిగింది.

ఆఖరిరోజు జీపు సిద్ధమైంది. చెప్పాల్సిన మాట అతని గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆమె ఎదురుచూస్తూ నిలబడింది. పెద్దాయన హారన్ కొట్టాడు. ఆ కంగారులో అతని నోట్లోంచి ఊడిపడిందొకటే మాట.

“వస్తానండీ.”

ఇద్దరూ ఒకేసారి కర్రకేసి చూశారు.

“ఇది ఏ వస్తాను?” అందామె మెల్లిగా.

అతను నోరు తెరిచాడు. జీపు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే కర్రమీదకి పసుపు జెండా ఎక్కుతోంది.

ఇంటికొచ్చాక షాపు ఎప్పటిలాగే ఉంది. అతనే ఎప్పటిలా లేడు. ఎవరో ఫ్రేములన్నీ చూసి, “మళ్ళీ వస్తామండీ” అంటే, “ఎప్పుడు?” అని అడిగేశాడు. ఆయన హడలిపోయి ఫ్రేము కొనేశాడు.

“ఏమైందిరా నీకు?” అంది అక్క.

“బెంగగా ఉందక్కా.”

“పేరేంటి?”

“కెప్టెన్.”

అక్క కాసేపు ఆలోచించి, “ఆడపిల్లేనా?” అని అడిగింది.

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దాయన.

“బాబూ, చిన్న చిక్కొచ్చిపడింది. మీ జెండా ఇంకా పైనే ఉంది.”

“దించెయ్యండి...”

“ఎవరిది వాళ్ళే దించాలి, రూల్. నేను ముట్టుకోబోతే అమ్మాయి గరిటె ఎత్తింది. ‘వస్తానన్నాడుగా’ అంటుంది. అన్నం రూల్ మాకు మాఫీ చేసి, తను మాత్రం అందరూ తిన్నాక గానీ తినడం లేదు. గాలికి గుడ్డ అంచు చిరిగింది. ఒక్క ముక్క చెప్పండి. ఆ రోజు రావడానికి అన్నారా, ఊరికే అన్నారా? ఊరికే అయితే నేనే ఏదో నచ్చజెప్పి దించుతాను.”

అతను అబద్ధం ఆడలేకపోయాడు. “ఆ రోజు నోరు జారి అన్నానండీ.”

“ఓహో.”

“కానీ వస్తాను.”

“ఇది ఏ వస్తాను బాబూ?”

“రావడానికేనండీ!”

ఈసారి గొడుగు తీసుకెళ్ళలేదు. చంకలో పరీక్ష అద్దాల పెట్టె పెట్టుకుని బయల్దేరాడు. క్యాంపు మలుపు దగ్గర దిగేసరికి పొగమంచు. అలల చప్పుడు పట్టుకుని నడిచాడు. రెండుసార్లు ఇసుకలో బోర్లాపడి, చివరికి కర్ర దగ్గరికి చేరాడు. కింద ఆమె నిలబడి ఉంది.

“ఎవరది? రంగు చెప్పండి.”

“పసుపు.”

“ఆలస్యమైంది” అందామె.

“దారిలో డ్రమ్ముతో మాట్లాడుతూ ఉండిపోయాను.”

పొగమంచు విడిపోయాక ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము ముక్కుమీద పెట్టి, ఎదురుగా నాలుగడుగులు వెనక్కి నిలబడ్డాడు. మళ్ళీ వచ్చి అద్దం మార్చాడు. మళ్ళీ వెనక్కెళ్ళాడు.

“ఇది బాగుందా, ముందుదా?”

“ముందుది... కాదు, ఇది.”

“ఏం కనిపిస్తోంది?”

“మీరు.”

“ఎలా ఉన్నాను?”

ఆమె శ్రద్ధగా చూసింది. “మసగ్గా ఉన్నప్పుడు ఇంకా బాగున్నారు. ఫర్వాలేదు, అలవాటు పడతాను.”

“మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ రోజు చెప్పాల్సింది ఇదే. వస్తాను అనేశాను.”

“నాకు అదే వినిపించింది” అందామె. “అందుకేగా ఎక్కించాను.”

అతను వెళ్ళి, చిరిగిన పసుపు జెండాని తన చేత్తో దించాడు. వంటగుడారంలోంచి పెద్దాయన తల బయటపెట్టి, కూతురి ముక్కుమీది ఫ్రేము చూశాడు.

“మొత్తానికి కళ్ళజోడు వచ్చిందన్నమాట. నాలుగేళ్ళుగా డ్రమ్ముల్ని తిడుతోంది బాబూ. నాకు తెలీదనుకుంటోంది.”

“నాన్నా!”

“మరి మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?”

“ఎల్లుండండీ. మీరు సరేనంటే ఈమెని కూడా తీసుకెళ్తాను. మా అక్క చూడాలంటోంది.”

పెద్దాయన గరిటె పక్కన పెట్టి, కూతురికేసి చూసి, కర్రకేసి చూసి, ముక్కు చీదుకున్నాడు.

“వెళ్ళేటప్పుడు ఇద్దరూ వస్తాననే చెప్పండి” అన్నాడు. “రెండు జెండాలు ఎక్కిస్తాను. మీరొచ్చేదాకా అన్నం ముట్టుకోకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదు.”