బెంచ్ మీద తప్పు తేదీ

ఆమెకు చావంటే భయం లేకపోలేదు. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది: తను లేకపోవడం కూతురికి అలవాటైపోతుందేమోనని. ఫోన్ పెట్టేసేటప్పుడు పిల్ల ఏడిస్తే ఆమె మనసు కుదుటపడేది. ఏడవని రోజున ముద్ద దిగేది కాదు.

ఆ భయాన్ని మూటగట్టుకునే పెద్దాయన గదిలోకి వెళ్ళింది. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

"కూర్చో అమ్మాయ్." ఒక ఫొటో ఆమె ముందుకు తోశాడు. నుజ్జునుజ్జయిన కారు. "మన ఇంజనీర్. మూడు వారాలయింది. బ్రేక్ తొక్కాడు, పడలేదు."

"యాక్సిడెంటా సార్?"

"హత్య. కార్ల ఫ్యాక్టరీలో బ్రేక్ సాఫ్ట్‌వేర్ సెక్షన్‌లో పెట్టాం వాణ్ణి. ఒక విదేశీ ముఠా అందులో విషం కలుపుతోందని కనిపెట్టాడు. కలిపే చెయ్యి ఎవరిదో చెప్పేలోపే పోయాడు. ఏడాదిలో అప్‌డేట్ విడుదల. అది వెళ్ళిందంటే నాలుగు లక్షల కార్లకి ఒకే రోజు బ్రేకులుండవు."

"నేనేం చెయ్యాలి?"

"డిగ్రీ అప్రెంటిస్‌గా చేరాలి. నాలుగు రోజులు ఫ్యాక్టరీలో పని, ఐదో రోజు కాలేజీలో పాఠం. సర్టిఫికెట్లు మేం పుట్టిస్తాం."

"సార్, నేను పదో తరగతి మధ్యలో ఆపేసినదాన్ని. కోడింగ్ అంటే అక్షరం ముక్క రాదు."

"అందుకే నువ్వు. వచ్చినవాళ్ళు రానట్టు నటిస్తే ఇట్టే దొరికిపోతారు. నీకు నటించే శ్రమే లేదు."

కెమెరా ఉన్న పెన్ను ఇచ్చారు. అడుగున ట్రాన్స్‌మిటర్ ఉన్న టిఫిన్ బాక్సు ఇచ్చారు. ప్రమాదమైతే చెప్పాల్సిన కోడ్: 'బాక్సు మర్చిపోయాను'. బాక్సులోకే వంగి బాక్సు మర్చిపోయానని చెప్పడమేంటో ఆమెకు అర్థం కాలేదు గానీ, పెద్దాయన్ని అడిగే ధైర్యం ఎవరికుంది? పిల్లను అత్తయ్య దగ్గర వదిలి, కొత్త పేరుతో ఆ ఊరికి చేరుకుంది.

ఫ్యాక్టరీలో ఆమెకు అప్పగించింది ఒక బెంచ్. పొడవాటి బల్ల మీద కారు పేగులన్నీ పరిచి ఉంటాయి: వైర్లు, పంపు, కంప్యూటర్ డబ్బా, ఒక బ్రేక్ పెడల్, దాన్ని తొక్కడానికి ఇనుప కాలు. కొత్త కోడ్ ఎక్కించి, ఇనుప కాలితో తొక్కించి, ప్రెషర్ సూది లేచిందా లేదా చూడాలి. లేస్తే స్క్రీన్ ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు.

నేర్పించే సీనియర్‌ని వెనకాల అంతా హీల్స్ మేడమ్ అనేవారు. సిల్క్ స్కార్ఫ్, ఎర్రటి లిప్‌స్టిక్, టకటకలాడే చెప్పులు. ఆవిడ నడిచొస్తే ఫ్లోర్‌లో మగాళ్ళ టైపింగ్ ఆగిపోయేది.

"మేడమ్ ఏంటే, అక్కా అను. లూప్ అర్థం కాలేదా? పాపకి అన్నం పెడతావు కదా, కడుపు నిండేదాకా ముద్ద మీద ముద్ద. అదే లూప్. ఎక్కడ ఆపాలో రాయకపోతే పిల్ల కక్కుతుంది, ప్రోగ్రాం హ్యాంగ్ అవుతుంది."

అలా చెబితే ఎవరికి రాదు? కాలేజీలో మొదటి పరీక్షలో డెబ్భై ఒక్క మార్కులు వచ్చాయి. బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చింది. ఆ మార్కులు దొంగ పేరు మీద వచ్చాయన్న సంగతి ఆ పది నిమిషాలూ గుర్తు రాలేదు.

పదకొండు నెలలు గడిచాయి. ముఠా జాడ లేదు. విడుదల రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ముహూర్తం.

మధ్యాహ్నం ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. పిల్లకు ఫోన్ చేస్తానని మాటిచ్చింది. ఖాళీ ప్లగ్ కనపడక బెంచ్ వైరు పీకి ఛార్జర్ పెట్టింది. అక్కడ ఎవరూ చెయ్యని పాపమది. కరెంటు పోతే బెంచ్ గడియారం చెరిగిపోతుంది. మాట్లాడటం అయ్యాక గాభరాగా తేదీ చేత్తో కొట్టింది. మనసంతా పిల్ల పుట్టినరోజు మీదే. వచ్చే నెల తొమ్మిది. వేళ్ళు అదే కొట్టాయి.

ఇనుప కాలు పెడల్ తొక్కింది. సూది లేవలేదు. స్క్రీన్ ఎర్రబడింది.

నేటి తేదీ పెట్టింది. ఆకుపచ్చ. మళ్ళీ వచ్చే నెల. ఎరుపు. విషం కోడ్‌లోనే ఉంది. తన తేదీ వచ్చేదాకా నిద్ర నటిస్తోంది.

అక్కడ ప్రతి మార్పుకీ రెండు పేర్లుండాలి, రాసినవాళ్ళది, సరిచూసినవాళ్ళది. ఆ పేర్ల కోసం వెతికింది. రాసింది: చనిపోయిన ఇంజనీర్. అదీ ఆయన పోయిన నాలుగో రోజున. సరిచూసింది: అక్క.

మూడూ యాభై రెండు. బాక్సులోకి వంగింది. "బాక్సు మర్చిపోయాను!"

"ఇరవై నిమిషాల్లో వస్తాం," అంది బాక్సు.

"ఎనిమిదే ఉన్నాయి సార్!"

విడుదల గదికి పరిగెత్తింది. అక్క ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏ తేదీ కొట్టావ్?" తల తిప్పకుండానే అడిగింది.

"పాప పుట్టినరోజు."

"ఆరుగురు టెస్టర్లు. నెల రోజులు. ఒక్కడూ తేదీ తప్పు కొట్టలేదు." అక్క నవ్వబోయింది, కుదరలేదు. "నేనూ మీ పెద్దాయన మనిషినేనే. నాలుగేళ్ళు చేశాను. తర్వాత ఇది మొదలైంది." ఫోన్ చూపించింది. కిటికీ పక్కన కుర్చీలో ఒక ముసలావిడ. ఆవిడ భుజం మీద ఎవరిదో మగ చెయ్యి. "మా అమ్మ. మతిమరుపు. వాణ్ణి నేను పెట్టిన పనివాడనుకుంటోంది. రోజూ ఒక ఫొటో పంపుతారు."

"ఇంజనీర్‌ని చంపింది నువ్వా?"

"వాళ్ళకి పేరు చెప్పాను. అంతే. అంతేనా అని అడక్కు."

"నేనెవరో తెలుసా నీకు?"

"మొదటి రోజే తెలుసు."

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

"పాఠం మధ్యలో ఉన్నావు కదే."

మూడూ యాభై తొమ్మిది. ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా సరే, చివరికి అప్రెంటిసైనా, విడుదల ఆపొచ్చు. పేరు, కారణం రాసి ఎర్ర బటన్ నొక్కాలి. అది నేర్పింది అక్కే.

"అమ్మ అడ్రస్ చెప్పక్కా. మా వాళ్ళు ముందు అక్కడికే వెళ్తారు. ఒట్టు."

అక్క చెప్పింది. ఆమె దాన్ని బాక్సులోకి అరిచి, కీబోర్డు అందుకుని 'బ్రేక్ పడదు' అని కొట్టి, బటన్ నొక్కింది. ఒక్క సెకను మిగిలి గడియారం ఆగింది.

అక్క చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. స్క్రీన్ చూసి, "కారణం వివరంగా రాయాలని ఎన్నిసార్లు చెప్పానే నీకు," అంది.

ముసలావిడకు ఏమీ కాలేదు. ఆ చెయ్యి తాలూకు మనిషి దొరికాడు, వాడితో పాటు ముఠా. అక్కకు యావజ్జీవం పడింది.

"శభాష్ అమ్మాయ్," అన్నాడు పెద్దాయన.

"సార్, నా డిగ్రీ?"

"ఏ డిగ్రీ? ఆ పేరుతో మనిషే లేదుగా."

ఇంటికి వచ్చింది. పిల్ల నానమ్మ చీర పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. దగ్గరికి రావడానికి ఒక పూట పట్టింది.

పట్టుబడినవాళ్ళ ఇంటి గడప తొక్కకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. కాబట్టి అక్క వాళ్ళమ్మ దగ్గరికి ఆమె వెళ్ళకూడదు, వెళ్ళలేదు కూడా. మీరు వెళ్ళొచ్చు. లారీల స్టాండు వెనక వీధి, మందుల షాపు మీద మూడో అంతస్తు. బెల్లు పనిచెయ్యదు, తలుపు తట్టండి. ఆవిడ కిటికీ దగ్గరే ఉంటుంది, సాయంత్రం కూతురు వస్తుందని. ఈ పూట తిన్నదో లేదో అడగండి. ఎవరు మీరంటే ఆఫీసు నుంచి వచ్చామనండి. నమ్ముతుంది, అందరినీ నమ్ముతుంది. కాసేపు కూర్చోండి. భుజం మీద మాత్రం చెయ్యి వెయ్యకండి.