గుర్వయ్య చెక్కిన అక్షరాలు

గుర్వయ్య శవం హాలియా దగ్గర బండరాళ్ల నడుమ దొరికింది. అతడు చెక్కిన అక్షరాల అచ్చుదిమ్మలు మాత్రం దొరకలేదు.

"ఇది బ్రూనో పని. విదేశీ ముఠా నాయకుడు," అన్నాడు చీఫ్. "కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పని ఆపించడం వాళ్ల మిషన్. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉన్నారు. కోడ్: 'కోస్గిలో వాన పడ్డదా?' జవాబు: 'వాన కాదు, వడగళ్లు.'"

"అక్షరాలతో ఆనకట్ట ఆపుతారా?" ఏజెంట్ రఘుపతి పెదవి విరిచాడు.

తెలుగు అక్షరంలోని గుండ్రదనాన్నంతా తొలిచేసి, తలకట్టును గొడ్డలి అంచులా నిలిపి గుర్వయ్య చెక్కిన ఆ మందపాటి కోణాల లిపిని సర్కారు, బండలు పేల్చేచోట పెట్టే ప్రమాదం బోర్డులకే వాడేది. చదువురాని పాలమూరు కూలీలు ఆ ఆకారం దూరాన కనబడగానే ఆగిపోయేవారు. వేలమందికి ఓనమాలు నేర్పడం కన్నా బోర్డు చవక అని అధికారులు మురిసిపోయారు.

రఘుపతి పెయింటర్ వేషంలో క్యాంపుకు చేరాడు. రంగు డబ్బా అడుగున ట్రాన్స్‌మీటర్. ప్రతి గుడిసె మీదా అవే కోణాల అక్షరాలతో సబ్బుల కంపెనీ పోస్టర్లు. పోస్టరున్న చోటల్లా మంజులత అనే సుందరి, నల్ల కళ్లద్దాలతో, సిల్కు చీరతో, ఊరికే సబ్బులు పంచుతోంది. కంపెనీ మేనేజర్‌నంటూ బ్రూనో జీపులో కూర్చున్నాడు. అమ్ముడుపోయిన మనిషి అనుకుని రఘుపతి ఆమెను ఏవగించుకున్నాడు.

మరునాడు క్వారీలో సైరన్ మోగలేదు. దాని తీగ తెగి ఉంది. సర్కారువారి ప్రమాదం బోర్డు కిందనే ఆడకూలీలు బారులు తీరారు. కొండకు అవతల ఫ్యూజు వెలిగించేవాళ్లకు వీళ్లు కనబడరు.

"అక్కా, ఈడ మందుగుండు పేలుతది. పోండి," అన్నాడు రఘుపతి.

ముందున్న బక్కమ్మ కదలలేదు. "మాకెర్కలేదా? గా అక్షరాలున్నకాడనే సబ్బులిస్తరు. మమ్ముల ఎల్లగొట్టి నువ్వొక్కనివే తీస్కుందామనా? ఎనుకకు పోయి నిలవడు."

రఘుపతికి అప్పుడు అర్థమైంది. బోర్డును ఎవరూ ముట్టుకోలేదు. దాని మీది భయాన్ని మాత్రం రోజుల తరబడి సబ్బుతో కడిగేశారు. ఇంతమంది కూలీలు ఇక్కడ చస్తే ఆనకట్ట పని ఆగినట్టే.

అప్పుడే వచ్చి ఆగిన బ్రూనో జీపు దిగి మంజులత అతని పక్కగా నడిచింది. "కోస్గిలో వాన పడ్డదా?"

అతడు నివ్వెరపోయాడు. "వాన కాదు, వడగళ్లు."

అది విన్న బ్రూనో జీపులోంచే పిస్టల్ ఎత్తాడు. రఘుపతి విసిరిన రంగు డబ్బా అతని ముఖానికి తగిలింది. మంజులత గొంతెత్తింది: "అక్కలారా, సబ్బుల లారీ క్యాంపు గేటుకాడ ఆగింది. ముందు ఉరికినోళ్లకు రెండు."

కుచ్చిళ్లు ఎత్తిపట్టి అందరూ ఉరికారు. బ్రూనోను ఈడ్చుకుంటూ చివరి మనిషిగా రఘుపతి మలుపు తిరగ్గానే కొండ పేలింది.

"గుర్వయ్యను ఎందుకు చంపావు?" సంకెళ్లు వేస్తూ అడిగాడు రఘుపతి.

"దిమ్మలు అమ్మనన్నాడు. అవి మనుషులను కాపాడటానికేనట." ఎర్రరంగు కారుతున్న బ్రూనో భుజాలెగరేశాడు. ఏడాది తిరగకముందే ఆ భుజాల మీదికి ఉరితాడు దిగింది.

అధికారులకు మాత్రం బుద్ధి రాలేదు. బడి పెట్టడానికి బదులు ఇంకా పదునైన కొత్త అక్షరాలు చెక్కించారు. బోర్డు నిలబెట్టిన రోజున బక్కమ్మ దాన్ని ఎగాదిగా చూసి, రఘుపతిని పక్కకు పిలిచింది.

"బిడ్డా, వీటికాడ ఏమిస్తరు?"