ఏ వాక్యంలో?

“సాయంత్రం టీ వేళకి హుబ్కాని చంపేస్తారు. ఎవరు చంపుతారో మాత్రం తెలీదు,” అన్నాడు బాస్, ఏజెంట్ థాక్రేతో.

హుబ్కా శత్రుదేశం నుంచి తప్పించుకొచ్చిన రాకెట్ సైంటిస్టు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక నిఘంటువు ఆఫీసులో గుమాస్తా వేషంలో దాక్కున్నాడు. అక్కడ ఈ వారమే ఇద్దరు కొత్త ఎడిటర్లు చేరారు. వారిలో ఒకరు హుబ్కా కోసం వచ్చినవారు. థాక్రే ఒకరి మీద కన్నేసి తప్పు చేస్తే, రెండోవారు పని కానిచ్చేస్తారు.

థాక్రే టైప్‌రైటర్ మెకానిక్ వేషంలో దిగాడు. పనిముట్ల పెట్టెలో, స్పానర్ల కింద, సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

ఆ ఆఫీసులో ఏడాదిగా అందరూ ‘రన్’ అనే ఒక్క క్రియతో తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. గుర్రం పరుగెత్తినా, నది పారినా, ముక్కు కారినా, కొట్టు నడిచినా, పెద్దమనిషి ఎన్నికల్లో నిలబడినా ఇంగ్లీషులో అదే మాట. బల్లల నిండా వాడుక వాక్యాలు రాసిన కార్డులే. మాట కలుపుదామని థాక్రే దాని అర్థం అడిగితే చీఫ్ ఎడిటర్ మిస్ హాడో కస్సుమంది.

“ఏ వాక్యంలోనయ్యా? వాక్యం చెప్పకుండా అర్థం అడిగితే ఇక్కడెవరూ నోరు విప్పరు.”

కొత్తవాళ్లలో సీలియా ప్రిడో మీదే అతని అనుమానమంతా. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు, ఎవరైనా దగ్గరికొస్తే టక్కున మూసేసే హ్యాండ్‌బ్యాగు. రెండో ఎడిటర్ ఆస్ట్‌బరీ ముసలాయన. మెడకి మఫ్లర్ చుట్టుకుని, అందరికీ బిస్కెట్లు పంచుతూ, హుబ్కా దగ్గుకి మందులు చెబుతున్నాడు. అలాంటి మనిషిని అనుమానించడానికి థాక్రేకి మనసొప్పలేదు.

టీ వచ్చింది. సీలియా బ్యాగు తెరిచింది. థాక్రే చెయ్యి పెట్టెలోకి పోయింది. కాల్చేముందు ఒక్కసారి పరీక్షిద్దామని మామూలుగా అడిగాడు.

“అవునండీ, ఇంతకీ ‘రన్’ అంటే ఏమిటి?”

“ఏ వాక్యంలో?” అంది సీలియా. అందం చెడుతుందని అంతవరకూ దాచుకున్న కళ్లజోడు బ్యాగులోంచి తీసి పెట్టుకుంది.

“పరుగెత్తడం. అంతేగా నాయనా?” అన్నాడు ఆస్ట్‌బరీ నవ్వుతూ. అతను కలిపిచ్చిన కప్పు అప్పటికే హుబ్కా పెదాల దాకా వెళ్లింది.

ముసలాయన వాక్యం అడగలేదు. థాక్రే చేతికందిన స్పానర్ విసిరాడు. కప్పు పగిలి టీ బల్లంతా పారింది. ఆస్ట్‌బరీ మఫ్లర్ మాటునుంచి తుపాకీ లాగేలోపే థాక్రే పిస్టల్ అతని కణతకి ఆనింది.

హుబ్కా క్షేమమేనా అని బాస్ ఫోన్‌లో అడిగాడు. క్షేమమేనన్నాడు థాక్రే. తన సంగతి మాత్రం చెప్పుకోలేకపోయాడు. విషపు టీలో తడిసిన కార్డులన్నీ ఆరబెట్టేదాకా గది దాటడానికి వీల్లేదని మిస్ హాడో అతని చేతికి రబ్బరు గ్లవ్స్ ఇచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.