తబ్రీజ్ ముడి, కాషాన్ ముడి

కాషాన్‌లోని మా ఇంటి వెనకగదిలో మగ్గం ఉండేది. మా తమ్ముడు నుస్రత్ మొదటి భార్య సెవిల్, సగం నేసిన తివాచీని దాని మీదే వదిలి కన్నుమూసింది. ఆమె తబ్రీజ్ పిల్ల. కొక్కెంతో లాగి, రెండు పడుగు దారాలనూ చుట్టి ముడి బిగించేది. నన్ను తన భాషలో ‘బాజీ’ అని, అంటే అక్కా అని పిలిచేది. ఆమె పోయాక వచ్చిన తూబా మా ఊరిదే. వేళ్ళతోనే నేసేది, ఒక దారాన్ని చుట్టి, రెండోదాన్ని వదులుగా విడిచేది. ఒకే తివాచీలో రెండు ఊళ్ళ చేతులు ఇమడవని మా పెద్దలు అనేవారు. నుస్రత్ వినలేదు.

"కింది సగం రాయిలా ఉంది. పైది రొట్టెలా ఉందేమే?" అని నవ్వేవాడు. పై అంచులో నేసే నేతగత్తె పేరు కూడా సెవిల్‌దే కావాలన్నాడు.

"నడుము విరగ్గొట్టుకునేది నేను, పేరు ఆవిడదా? చచ్చి కూడా నా ఇల్లు ఖాళీ చెయ్యదు, వదినా!" అంది తూబా.

ఆమెను తప్పుపట్టలేకపోయాను. బతికున్న సవతి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తుంది. చనిపోయిన సవతి ఇక చెయ్యదు.

పేరు నేయవలసిన సాయంత్రం నుస్రత్ బజారుకు వెళ్ళాడు. ఎడారిగాలి లేచింది, కిటికీలు మూశాము. గదినిండా తడి ఉన్ని, దానిమ్మ తొక్కల రంగు వాసన. నేను నమూనా పటం చూస్తూ ఏ ముడికి ఏ రంగో పాడాలి. ముడి వేసి తూబా ‘వేశా’ అని బదులు పలకాలి. మా పని పద్ధతి అది.

"ఆవిడది కాదు, నా పేరు అక్షరాల రంగులే పాడు, వదినా."

పాడాను.

"రెండు ఎరుపు, ఒక నీలం..."

"వేశా."

"వేశా."

రెండో గొంతు పడుగు దారాల అవతలి నుంచి వచ్చింది. అక్కడ జానెడు సందు... ఆపైన గోడ.

"తూబా... లే."

"లేవను. ఈ మగ్గం నాది." ఆమె కళ్ళు మండుతున్నాయి. "పాడు. ఎవరు ముందో చూద్దాం."

పాడాను. అవతలి బదులే ముందు వచ్చింది... తూబా వేళ్ళు పరుగెత్తాయి... బదులుకూ బదులుకూ మధ్య ఎడం తగ్గింది... ఇంకా తగ్గింది...

ఒకే గొంతు మిగిలింది.

దీపం ఎత్తాను. తూబా ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె ఎన్నడూ ముట్టని కొక్కెం ఆమె చేతిలో ఉంది.

"ఆపావేం?" అంది మెల్లగా. "పాడు, బాజీ."

తెల్లవారాక తివాచీని మగ్గం నుంచి దించాము. పై అంచులో సెవిల్ పేరు ఉంది. తూబా నెలల తరబడి నేసిన సగమంతా రాయిలా బిగిసి ఉంది. నుస్రత్ మురిసిపోయాడు.

నా చెయ్యి మాత్రం అడుగు అంచు దగ్గర ఆగింది. అది తూబా మా ఇంటికి రాకముందే సెవిల్ నేసిన భాగం. అక్కడ కొన్ని వరుసలు మెత్తగా తగిలాయి. పోగులు విడదీశాను. కాషాన్ ముడులు. అవతలివైపు కూర్చుని నేసినట్టు, తిరగబడిన అక్షరాలలో, తూబా పేరు.

వేలు ఆనించి చూశాను. వెచ్చగా ఉంది.