జమున ఖో

నా భార్య బుచ్చవ్వ పంటి నొప్పిని దాచిపెట్టి చనిపోయింది. చిగుళ్ళలో చీము పట్టింది. అసలే షుగర్ ఉన్న మనిషి. ఆ చీము ఒళ్ళంతా పాకింది. ముందే చెబితే బతికేది. చెప్పలేదు. తప్పు ఆమెదే.

ఈ మాట మా ఇంట్లో నేను రోజూ అనేవాణ్ణి. కోడలు విజయశ్రీ వినేది. మనవరాలు జమున వినేది. గోడ మీది బుచ్చవ్వ ఫోటో కూడా వినేది.

ఒక శనివారం మధ్యాహ్నం జమున అన్నం పళ్ళెం పక్కకు జరిపింది.

"ఏమైందే? పొద్దున గూడ తినలే," అంది విజయశ్రీ.

"ఆకలైతలేదమ్మా."

"సాయంత్రం ఖోఖో మ్యాచ్ పెట్టుకొని ఆకలైతలేదంటవేందే?"

జమున చీరల కుప్ప దగ్గరికి వెళ్ళి కూర్చుంది. సూరత్‌లో మా గల్లీ అంతా ఇదే పని. మగవాళ్ళు పల్సానాలోని బట్టల మిల్లులకు పోతారు. ఆడవాళ్ళు మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు. దానికి చిన్న కటర్ ఉంటుంది. మా ఇంట్లో ఒక్కటే ఉండేది. అది విజయశ్రీ చేతిలో ఉండేది. జమున పళ్ళతో కొరికేది.

"కటర్ కంటె నా పళ్ళే ఫాస్ట్," అని గల్లీ పిల్లలతో పందెం కూడా కాసేది. గెలిచేది. దారం నైలాన్‌ది. పంటి అంచు గీసుకుపోయినా పట్టించుకోలేదు. రాత్రి పళ్ళు తోముకోమంటే దుప్పటి ముసుగు పెట్టేది.

ఆ రోజు మాత్రం ఒక్క దారమూ కొరకలేదు. చీరలను ఊరికే మడతపెట్టింది. నేను అది చూశాను. ఎందుకని అడగలేదు.

సాయంత్రం బడి గ్రౌండులో సెమీఫైనల్. నేనూ చూడటానికి వెళ్ళాను. ఖోఖోలో తరిమే పిల్ల కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అని గట్టిగా అరవాలి. అరుపు వినపడకపోతే ఫౌల్. జమున తన జట్టు పిల్ల భాగీరథి వీపు తట్టింది. పెదవులు కదిలాయి. అరుపు రాలేదు.

విజిల్ మోగింది.

"ఓ జమునా! నోట్ల లడ్డు పెట్టుకున్నవా?" అని భాగీరథి అరిచింది.

మళ్ళీ తట్టింది. మళ్ళీ విజిల్. తర్వాత జమున పరుగెత్తుతూ పరుగెత్తుతూ మోకాళ్ళ మీద కూలబడింది. కడుపులో ఏమీ లేని పిల్ల ఎంతసేపు పరుగెత్తుతుంది? మిగతా పిల్లలు కిందామీదా పడి ఒక్క పాయింటుతో గట్టెక్కించారు.

భాగీరథి వచ్చి జమున పై పెదవి ఎత్తి చూసింది.

"అబ్బో! తాతా, ఇటు రా! జర చూడు!"

ముందు పంటిలో చిన్న చీలిక ఉంది. దాని పైన చిగురు వాచి ఎర్రగా ఉంది. ఒళ్ళు కాలుతోంది.

గల్లీ చివర పళ్ళ డాక్టర్ బెన్ ఉంది. గుజరాతీ మనిషి, బెన్ అంటే అక్క. జమునను తీసుకుపోతే చూసి హిందీలో అడిగింది, "దీనితో ఏం కొరుకుతావు?"

"దారం," అంది జమున.

"పళ్ళు అన్నం నమలడానికి బేటా. దారం కొరకడానికి కాదు. చీలిన పంటిలోకి క్రిములు దూరాయి. అందుకే జ్వరం. నమలలేవు, తినలేవు, నిద్ర పట్టదు. ఇక కాళ్ళకు బలం ఎక్కడిది? ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

జమున నా వైపు చూసింది. "చానా రోజుల సంది."

డాక్టర్ చీము తీసి, పంటి లోపల శుభ్రం చేసి, మందులు రాసింది. రాత్రి తోముకోకుండా పడుకోవద్దని చెప్పింది. వాపు తగ్గి కడుపునిండా తింటేనే ఫైనల్ ఆడాలని కూడా చెప్పింది. ఫైనల్ ఎనిమిది రోజుల తర్వాత, ఆదివారం, ఊళ్ళోనే ఆల్థాన్‌లో.

ఇంటికి రాగానే నేను మొదలుపెట్టాను. "అచ్చం నీ నాయనమ్మ లెక్కనే! ఎందుకు దాచినవే?"

"చెప్తే తిడ్తవు గద తాతా."

"నేను తిడ్తనా?"

"చచ్చిపోయిన నాయనమ్మనే రోజూ తిడ్తున్నవ్. బతికున్న నన్ను ఇడుస్తవా?"

విజయశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో తెలియదు.

బజారుకు పోయి ఇంకో కటర్ కొన్నాను. జమున ముందు పెట్టాను.

ఆ రాత్రి జమున దుప్పటి ముసుగు పెట్టలేదు. కుళాయి దగ్గర నిలబడి తోముకుంది. పక్కన నేనూ తోముకున్నాను.

"తాతా, నీకు ఉన్నయే నాలుగు పండ్లు. గంతసేపు ఏం తోముతున్నవ్?"

"నోర్మూసుకొని తోము."

"నోరు మూస్తె ఎట్ల తోముత?"

రోజూ ఇదే గొడవ. వాపు దిగింది. మొదట గంజి తాగింది. తర్వాత మెత్తగా పప్పన్నం తింది. శుక్రవారానికి మళ్ళీ పెట్టమని పళ్ళెం చాపింది. డాక్టర్ బెన్ నోరు చూసి సరేనంది.

ఆల్థాన్ గ్రౌండులో ఫైనల్ చివరికొచ్చింది. పాయింట్లు సమానం. అవతలి జట్టులో పొడుగు పిల్ల ఒకతి ఎవరికీ చిక్కడం లేదు. జమున ఆమెను తరిమింది. పొడుగు పిల్ల పక్కకు మళ్ళింది. జమున భాగీరథి వీపు చరిచింది.

"ఖో!"

ఆ అరుపు రోడ్డు మీద కూరగాయల బండి వాడికి కూడా వినపడింది. వాడు బండి ఆపి చూశాడు. భాగీరథి బాణంలా లేచింది. రెండంగల్లో పొడుగు పిల్లను ముట్టుకుంది. విజిల్ మోగింది.

మా బడి గెలిచింది! పిల్లలు జమునను పైకెత్తారు. ఆమె నోరంతా తెరిచి నవ్వింది. పంటి చీలికతో సహా అందరూ చూశారు. విజయశ్రీ పిల్లలందరికీ జిలేబీ కొనిపెట్టింది. జమునా తింది. తిన్నాక అందరికంటే ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించింది.

మర్నాడు జమున కటర్‌తో దారాలు కత్తిరిస్తూ ఆగింది.

"తాతా, దవడ పన్ను జర జివ్వుమంటుంది. ఇయ్యాలనే మొదలైంది. ఇయ్యాలనే చెప్తున్న."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. "నడువ్, డాక్టర్ బెన్ దగ్గరికి."

"తిట్టవా?"

"తిట్ట."

గడప దగ్గర ఆమె ఫోటో వైపు చూసింది. "మరి నాయనమ్మను?"

బుచ్చవ్వను నేను క్షమించలేదు. క్షమించను. కానీ తప్పు ఆమెదే అన్న మాట ఇక ఎన్నడూ ఎత్తను.