కింది గుండీ

మూతపడిన ఆ లాండ్రీ పక్క సందులోకి పొద్దుగూకాక ఎవరూ అడుగుపెట్టరు. తాళం పడి ఏళ్ళయినా లోపల ఎవరో బట్టలు జాడిస్తున్న చప్పుడు వినిపిస్తుందని పేరు. నేనూ నవ్విపారేసినవాణ్ణే. ఎదురు దుకాణం దర్జీ నోట ఈ సంగతి విన్నాక మాత్రం... చుట్టూ తిరిగే ఇంటికి వెళ్తున్నాను.

ఏడాది కిందట ఒక సాయంత్రం, ఏడేళ్ళ పిల్ల కుట్టడానికిచ్చిన గౌను తీసుకెళ్ళడానికి ఆయన దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ గళ్ళ గౌను, ముందు ఐదు గుండీలు. తెల్లవి నాలుగే ఉండటంతో, అన్నిటికంటే కింద ఒక నీలం గుండీ తగిలించేశాడు.

"తాతా, ఇదేంటి నీలం?"

"రేపు మారుస్తాలే తల్లీ. ఇవాళ్టికి సర్దుకో."

పిల్ల మూతి ముడుచుకుంది. అయినా అమ్మకి చూపించాలని అక్కడే తొడుక్కుని బయల్దేరింది. ఇల్లు చేరలేదు.

పోలీసులకి గౌను సంగతి చెప్పాడు, నీలం గుండీ సంగతి మింగేశాడు. దుకాణం పరువు పోతుందని భయం. ఆ గౌను తల్లి కంటపడనే లేదు కాబట్టి ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

ఏడాది నిండిన రోజున, ఆ సాయంత్రాన్ని మళ్ళీ నడిపించి చూద్దామన్నాడు ఇన్‌స్పెక్టర్. అదే వేళ, అదే దారి, అలాంటి పిల్లే. చూసినవాళ్ళకి ఏదైనా గుర్తొస్తుందని ఆశ. లేడీ కానిస్టేబుల్ తన ఆరేళ్ళ కూతుర్ని తెచ్చింది. మిగిలిన గుడ్డతో దర్జీయే మళ్ళీ గౌను కుట్టాడు. ఈసారి ఐదూ తెల్లవే.

తల్లి దుకాణం మెట్టు మీద నిలబడింది. "ఏదో ఒకటి తెలిస్తే చాలు సార్... ఏదైనా సరే," అంది. పిల్ల వస్తే తలుపు తట్టాల్సిన పని ఉండకూడదని, ఏడాదిగా ఆమె గడియ వేసి పడుకోలేదట.

పిల్ల నడిచింది. సందు మొదట్లో ఆగమన్నారు. ఆగలేదు... లోపలికి తిరిగింది. కానిస్టేబుల్ పరుగెత్తి వెళ్ళేసరికి లాండ్రీ తలుపు ముందు నిలబడి ఉంది — పిడికిలి బిగించి.

సాక్షులు ముగ్గురొచ్చారు. ఒకాయన ఎర్ర గౌను అన్నాడు. ఒకావిడ అసలు మగపిల్లాణ్ణి చూశానంది. మూడో ఆయన పేపర్లో చదివింది అప్పజెప్పాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు.

దుకాణంలో గౌను విప్పుతుంటే దర్జీ చూశాడు — కింది గుండీ లేదు.

"ఎక్కడ పారేశావు బంగారూ?"

"పారెయ్యలేదు. అక్క మార్చుకుంది," అంది పిల్ల గుసగుసగా. "రేపు మారుస్తానని నువ్వు మార్చలేదంట కదా?"

పిడికిలి విప్పింది. నీలం గుండీ.

దర్జీ ఆ గుండీ అందుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు. "ఏ అక్క... ఎక్కడ?"

"ఆ తలుపు కింద నుంచి చెయ్యి పెట్టింది."

అప్పుడు కక్కాడు దర్జీ, ఏడుస్తూ, అంతా. తలుపుకి తాళం ఉంది కదా, లోపలికెలా వెళ్తుందిలే అని నిరుడు వదిలేసినవాళ్ళు ఈసారి వంగి చూశారు. తలుపు కింద చెక్క పుచ్చి, ఒక పిల్ల దూరేంత సందుంది. లోపల బట్టలు నానబెట్టే తొట్టి. దాని మీది మూత విరిగి ఉంది.

తొట్టి అడుగు బురదలోంచి తీసిన గళ్ళ గుడ్డ చూసి తల్లి, "మా పాపదే," అంది. ఆ రాత్రి మొదటిసారి తలుపు గడియ వేసుకుందట.

మళ్ళీ నడిపించడం వల్లే కేసు తేలిందని ఇన్‌స్పెక్టర్ ఫైల్లో రాసుకున్నాడు. దొరికిన గౌను గుర్తుపట్టడానికి దర్జీనీ పిలిచారు.

గౌను మీద నాలుగు గుండీలు బురదలో నల్లబడి ఉన్నాయి. ఐదోది, అన్నిటికంటే కిందది... తెల్లగా, కొత్తగా ఉంది. దాన్ని కుట్టిన దారమూ కొత్తదే. ముడి మాత్రం దర్జీ వేసింది కాదు — వచ్చీరాని చిన్న చేతి ముడి.