జపమాలకి డైనమో దీపం

అమల లాంతరు చిమ్నీని బూడిదతో తోముతోంది. కుడికాలు ఎదురుగా ముక్కాలిపీట మీద కట్టెలా చాచి ఉంది. ఆ వేసవంతా రోజూ ఏడింటికి కరెంటు పోయేది. చిమ్నీలు తళతళలాడకపోతే అమ్మ శౌరమ్మ ఊరుకునేది కాదు.

గుమ్మంలో ఇనుప చప్పుడైంది. భుజం మీద ఏదో చట్రం మోసుకుని ఒకతను నిలబడ్డాడు.

"ఏమండీ, సైకిలుకి జబ్బు చేసిన ఇల్లు ఇదేనా?"

"సైకిలుకి కాదు, నాకు."

"అమ్మయ్య. సైకిలుకైతే రెండ్రోజులు పట్టేది."

అమల తలెత్తి చూసింది. నవ్వలేదు. గుణదల సెంటర్లో సైకిలు షాపు జాన్‌బాబు ఇతనే కాబోలు. నోరు మూతపడదని వీధంతా చెప్పుకునేది నిజమే.

మార్చిలో రైవస్ కాలువ గట్టు మీద సైకిలు జారి అమల మోకాలి చిప్ప పగిలింది. పిండికట్టు విప్పారు గాని మోకాలు సగానికి మించి వంగటం లేదు. రోడ్డెక్కకుండా ఇంట్లోనే రోజూ సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. దానికే సైకిలు షాపుకి కబురు వెళ్లింది. కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లకి ఆరోగ్య కార్యకర్తగా జులై ఒకటిన చేరమని ఆర్డరు వచ్చి పెట్టెలో ఉంది. ఊరూరూ సైకిలు మీద తిరగగలగాలని అందులోనే రాసుంది. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది.

"ఇటికలు పెట్టి వెనక చక్రం లేపితే చాలదా?" అన్నాడు నాన్న మరియదాసు, రైల్వే డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ.

"చాల్తుందండీ, నాలుగు రోజులకి. అయిదో రోజు ఇటిక కదుల్తుంది, రెండో మోకాలికి కూడా కట్టు పడుద్ది. పందాలవాళ్లు రోలర్ల మీద తొక్కుతారు. మూడు దొర్లే కర్రల మీద సైకిలు నిలబెట్టాలి. బాలన్స్ తప్పితే ఎదురుగా మీ గోడే. అందుకే ఇది చేశా. వెనక ఇరుసుని రెండు పక్కలా గట్టిగా పట్టుకుంటుంది. ఏనుగెక్కినా కదలదు."

"ఈ స్టాండుకి ఎడం పక్క కాలు కురచగా ఉంది" అంది అమల.

జాన్‌బాబు వంగి వేలితో కొలిచాడు. నిజమే, అరవేలు తక్కువ. "పొద్దుటినుంచీ దీన్నే చూస్తున్నానండీ నేను" అని, చిన్న రేకుముక్క మడిచి కింద పెట్టాడు. ఆ తర్వాత అమలని ఓసారి పరీక్షగా చూశాడు. అమల చిమ్నీ వైపు తిరిగింది.

సీటు రెండంగుళాలు పైకి లేపాడు. సీటు ఎత్తయితే మోకాలు తక్కువ వంగినా సరిపోతుందట. వారానికోసారి వచ్చి కొంచెం కొంచెం దింపుతానన్నాడు. బరువు లేకుండా తొక్కితే కాలికి పని ఉండదని టైరుకి దీపం వెలిగించే డైనమో ఆనించాడు.

"మీది ఏ గుడి అబ్బాయ్?" అన్నాడు మరియదాసు.

"లూథరన్ అండీ."

"ఊఁ" అన్నాడు మరియదాసు. తమ వీధిలో అందరూ మరియమాత గుడికెళ్లే కేథలిక్కులే.

మొదటివారం పెడలు సగం దాకానే తిరిగేది. సగం తొక్కి, వెనక్కి లాగి, మళ్లీ సగం తొక్కేది. ప్రతిసారీ దీపం వెలిగి మసకబారేది, ఊపిరి తీస్తున్నట్టు.

"ఆ లైటేదో మాత పటం దగ్గర పెట్టరాదూ, చిమ్నీలు తోమే పని తప్పుద్ది" అంది శౌరమ్మ. జాన్‌బాబు వైరు పొడిగించాడు. అప్పటినుంచీ కరెంటు పోగానే అమల సైకిలెక్కేది, అమ్మా నాన్నా ఆ వెలుగులో మోకరించి జపమాల చెప్పేవారు.

జూన్ రెండోవారంలో ఒకరోజు సీటు దింపటానికి వచ్చినవాడు సరిగ్గా జపం మొదలయ్యే వేళకి చిక్కాడు. మధ్యలో వెళ్లిపోతే బాగోదని వెనకాల మోకరించాడు. పూసకొకటి చొప్పున చెప్పే మంగళవార్త జపాల్లో మొదటిది ముగిసింది.

"ఆమెన్" అని గట్టిగా చెప్పి, జాన్‌బాబు మోకాళ్లు దులుపుకుని లేచాడు.

రెండో జపం మొదలైంది. మళ్లీ కూలబడ్డాడు.

"ఆమెన్." మళ్లీ లేచాడు. మళ్లీ కూలబడ్డాడు. వాళ్ల గుళ్లో ఆమెన్ అంటే ప్రార్థన అయిపోయినట్టే. ఇక్కడ అయిపోదని అతనికెవరూ చెప్పలేదు. పదో పూస దగ్గర అతని ముఖంలో దిగులు, ఇరవయ్యో పూస దగ్గర చెమట. అయినా ప్రతి ఆమెన్‌కీ ఆశగా లేస్తూనే ఉన్నాడు.

అమల పెదవి కొరుక్కుంది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల్లోపల నవ్వి నవ్వి ఒళ్లంతా ఊగిపోయింది. కాలి సంగతే మర్చిపోయింది.

ఉన్నట్టుండి దీపం నిలకడగా వెలిగింది. మసకబారలేదు.

అమల కిందికి చూసింది. పెడలు పూర్తిగా ఒక చుట్టు తిరిగి, మళ్లీ తిరుగుతోంది. తలెత్తేసరికి జాన్‌బాబు దీపాన్నే చూస్తున్నాడు. ఈసారి ఆమెన్‌కి లేవటం మర్చిపోయాడు. అతని ముఖంలో సంతోషం వచ్చి, కాసేపటికి ఎందుకో పలచబడటం అమల ఒక్కతే చూసింది.

జూన్ ముప్ఫయ్యో తారీకు పొద్దున్న స్టాండు మీంచి సైకిలు దింపి అమల వీధి చివరిదాకా తొక్కి వచ్చింది. సాయంత్రం వానలో తడుస్తూ జాన్‌బాబు వచ్చాడు.

"స్టాండు తీసుకెళ్దామనండీ. గన్నవరంలో ఒకాయనకి కాలు విరిగిందంట. ఆయనది ఎడంకాలు. బరువు మనిషి. రేకుముక్క మార్చాలి. కంకిపాడు రోడ్డు వానకి పాడైందంటున్నారు, టైర్లలో గాలి కొంచెం తగ్గించుకోండి. బెల్లు కూడా..."

"నాన్నా" అంది అమల. "స్టాండు పోనీయండి. ఈయన రావటం మానేస్తే నాకు బాగోదు. మీరు ఒప్పుకుంటే ఈయన్నే చేసుకుంటాను."

శౌరమ్మ చేతిలో చేట ఆగింది. ఆ ఇంట్లో అమల ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా ఎవరూ విని ఎరగరు.

మరియదాసు జాన్‌బాబు వైపు తిరిగాడు.

"లూథరనే కదూ నువ్వు?"

"అవునండీ."

"ఆ రోజు ఎన్నిసార్లు లేచావు?"

"లెక్క తెలీదండీ."

"నాకు తెలుసు. చేతిలో పూసలున్నాయిగా. ఇంకోసారి లేచి గుమ్మం దాటేస్తావనుకున్నా. చివరి పూస దాకా ఉన్నావు." గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం మీ నాన్నగార్ని రమ్మను. పెళ్లి ఏ గుళ్లో అన్నది మేం పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం. మా పిల్ల రేపు డ్యూటీలో చేరాలి, ముందు చేరనీ."

జాన్‌బాబు నోరు తెరిచాడు. అమల వైపు చూశాడు. అమల ఈసారి తల తిప్పుకోలేదు, దాచుకోకుండా నవ్వింది.

గోడకానించిన స్టాండుని అక్కడే వదిలేసి, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మరియదాసు చెప్పు తొడుక్కుని, ఒక్క మాటా మాట్లాడకుండా వానలోకి వెళ్లిపోయాడు.